కొండకు కోపం తెప్పించిన రాయి ఎవరిది?

పోయిన వారం మనం ఎక్కడ ఆగామంటే, మా అత్తయ్య రుగయా తన రాళ్ల కొట్టు ముందు నిలబడి ఊరంతా వినేలా ఒట్టు పెట్టుకున్న దగ్గర. సురబాయా నుంచి వచ్చిన ఆటల టీచరమ్మ ఎన్దాంగ్ విసిరిన రాయి గనక తొలిరె మడుగు నీళ్లలో పడితే, ఆ పూటే కొట్టు కట్టేసి, "ఈ మడుగులో రాయి పడదన్నది ఉత్త అబద్ధం" అని తన నోటితో తనే చాటుతానంది. కోపంలో మాట జారడం మా అత్తయ్యకు కొత్తేమీ కాదు. అల్లా సాక్షిగా జారడం మాత్రం ఇదే మొదటిసారి.

పాత సంచికలు పొట్లాలు కట్టడానికి వాడేసుకున్న వాళ్ల కోసం మడుగు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా గమలామా కొండ పాదాల దగ్గర ఒకప్పుడు ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఒకడు చేయరాని పాపం చేస్తే ఊరు ఊరంతా కుంగి గొయ్యి అయిపోయింది. గోతిలోకి నీళ్లొచ్చాయి. మునిగిన వాళ్లు తెల్ల మొసళ్లయ్యారు. గట్టు మీద నిలబడితే నీళ్లు కాళ్ల కిందే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ ఎంత బలంగా విసిరినా రాయి నీళ్లను తాకదు, మధ్యలోనే మాయమవుతుంది. వచ్చిన ప్రతివాడూ "ఓస్, ఇంతేనా!" అని చొక్కా చేతులు మడుస్తాడు. మరి వాడికి రాళ్లు కావాలి కదా. ఆ రాళ్లు అమ్మేది మా అత్తయ్య. కొండ మీద వాటిని ఏరుకొచ్చేది ఆవిడ ఇల్లరికపు అల్లుణ్ణి, నేను, ఇస్కందర్. ప్రపంచాన్ని జయించిన రాజు పేరు ఏరి కోరి పెట్టుకున్నాడు మా నాన్న. నేను రాళ్లు ఏరుకుంటున్నాను.

పందెం రోజు పొద్దున నేను బుట్ట నింపుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. తనంతట తను వచ్చి నా పక్కన కూర్చుందంటే ఏదో పని ఉన్నట్టే.

"అల్లుడూ, ఆ టీచరమ్మకి ఏ రాయి ఇస్తున్నావ్?"

"మంచిదే ఇస్తానత్తయ్యా."

"మంచిదంటే? మరీ అంత మంచిది ఎందుకు? నూతి దగ్గర మడమలు రుద్దుకునే రాయి ఒకటి ఉండాలే, నల్లగా, చిల్లులు చిల్లులుగా..."

"అత్తయ్యా! అది విసిరితే గాలికి వెనక్కొచ్చి మనకే తగుల్తుంది. పోనీ నీళ్లలో పడినా మునగదు, తేలుతూ కూర్చుంటుంది. అప్పుడు మన పరువేం కాను?"

"కొట్టే పోతుంటే పరువెక్కడిదయ్యా?"

"రాయి ఎంత బాగుంటే మాయ అంత గొప్పగా ఉంటుందని మామయ్యే కదా చెప్పేవాడు! చచ్చు రాయి అమ్మితే పడకపోవడంలో వింతేముందని?"

మామయ్య సలీం పోయి ఏడేళ్లయింది. ఆయన మాట ఎత్తితే చాలు, అత్తయ్య తగువు మధ్యలోనైనా ఆగిపోతుంది. ఈ ఆయుధాన్ని నేను ఏడాదికి రెండుసార్ల కంటే ఎక్కువ వాడను. "సరే, నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయింది. నేను నా పన్నెండేళ్ల అనుభవమంతా పెట్టి, కోడిగుడ్డంత సైజులో, నున్నగా, బరువుగా, చేతిలో ఒదిగిపోయే రాయి ఒకటి ఏరాను. ఏరాక నాకే భయమేసింది. ఆ భయానికి కారణం తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం నమాజు అవగానే మా తకోమే ఊరంతా గట్టు మీదకు చేరింది. లవంగాలు ఎండబోసిన చాపల్ని ఎక్కడివక్కడే వదిలేసి వచ్చారు. కాఫీ కొట్టు హలీమా పిన్ని అల్లం కాఫీ కాచే పొయ్యిని గట్టుకే తెచ్చేసుకుంది. నా భార్య మర్దియా అరటిపళ్లు వేయించి, ఎర్రటి మిరప పచ్చడితో సహా పళ్లేలు సర్దుతోంది. ఇంతమంది రావడానికి పందెం ఒక్కటే కారణం కాదు. నాలుగు రోజులుగా కొండ పొగ వదులుతోంది. మర్నాడు పొద్దునే పడవలన్నీ బయలుదేరి కొండ చుట్టూ, అంటే మా దీవి చుట్టూ, ప్రదక్షిణ చేయాలి. కొండ అలిగినప్పుడల్లా మా తాతల నాటి నుంచీ చేసేది అదే. ముందు పడవలో కూర్చుని దువా చదివే పెద్దమనిషి తాహెర్ మామ. ఆయన్నే పందేనికి కూడా న్యాయం చెప్పమన్నాం. ఓడరేవులో పనిచేసే మేనల్లుణ్ణి అడిగి దుర్భిణి కూడా తెచ్చుకున్నాడు.

ఎన్దాంగ్ టీచరమ్మకు యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఈటె విసరడంలో పతకాలు తెచ్చుకున్న మనిషి. ఆవిడ కుడి భుజం ఎడమ భుజం కంటే కనపడేంత పెద్దది. చెప్పులు విప్పింది, మెడ అటూ ఇటూ తిప్పింది, నేనిచ్చిన రాయిని అరచేతిలో ఎగరేసి పట్టుకుని "బాగుందయ్యా రాయి!" అంది. మెచ్చుకుంటే సంతోషించాలి కదా, నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను.

"తాహెర్ మామా, చూస్తున్నారా?" అని అరిచింది అత్తయ్య.

తాహెర్ మామ దుర్భిణి కళ్లకు పెట్టుకున్నాడు. తీశాడు. అద్దాలు తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"నేను న్యాయం చెప్పలేను రుగయా."

"ఏం, కనపడట్లేదా?"

"కనపడకేం! బాగా కనపడుతోంది. అదే వచ్చిన చిక్కు." ఆయన దుర్భిణిని ఒళ్లో పెట్టుకుని, టోపీ సర్దుకున్నాడు. "రేపు పొద్దున ముందు పడవలో కూర్చుని దువా చదవాలి నేను. మనసులో ఒకటి పెట్టుకుని చదివితే కొండ వింటుందా? చెప్పేస్తాను. నేను విసిరిన రాయి ఒకసారి ఈ మడుగులో పడింది."

హలీమా పిన్ని కాఫీ పోస్తూ పోస్తూ గ్లాసు నిండి పొర్లుతున్నా ఆపలేదు.

"ఎప్పుడు?" అంది అత్తయ్య, చాలా చిన్న గొంతుతో.

"మూడు రోజులు బూడిద కురిసింది చూడు, ఇంటి కప్పులు ఊడ్చుకున్నామే, ఆ ఏడాది. భుజం నొప్పి తగ్గిందో లేదో చూద్దామని ఒక్కటంటే ఒక్కటి విసిరాను. టుప్పుమని పడింది. ఆ వారమే కొండ బూడిద కక్కింది. ఊరి మీదికి ఆ బూడిద తెచ్చింది నేనే. పన్నెండేళ్లుగా ఈ బరువు మోస్తున్నా."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. తెలివైనవాడు ఎవడైనా అదే చేస్తాడు. కానీ మనిషి పన్నెండేళ్లుగా రహస్యంగా దాచుకున్న పాపాన్ని ఎవరో వచ్చి కళ్ల ముందే ఎత్తుకుపోతుంటే ఎలా ఊరుకుంటాడండీ?

"అన్యాయం మామా!" అనేశాను. "ఆ బూడిద నాది!"

"ఏంట్రా?"

"ఆ ఏడాది విసిరింది నేను! నా రాయి పడింది కాబట్టే కొండకు కోపం వచ్చింది! మీరే రోజు విసిరారు?"

"మంగళవారం."

"నాది బుధవారం. బూడిద కురిసింది గురువారం సాయంత్రం. ఏది దగ్గరో మీరే చెప్పండి!"

"ఒరేయ్, కొండ అంత పెద్దది, దానికి కోపం ఎక్కడానికి రెండు రోజులైనా పట్టదా? అప్పటికప్పుడు కోపం తెచ్చుకోడానికి అదేమైనా మీ అత్తయ్యా?"

"నన్ను మధ్యలోకి లాగకండి!" అని అరిచింది అత్తయ్య.

"మీరు విసిరిన రాయి ఎంతది మామా?"

"నిమ్మకాయంత."

"నాది కోడిగుడ్డంత. అంత చిన్న రాయికి కొండ నిద్ర లేస్తుందా అసలు?"

మాటా మాటా పెరిగి ఇద్దరం చొక్కాలు పట్టుకునే దాకా వచ్చాం. అప్పుడు నా భార్య అరటిపళ్ల పళ్లెం కింద పెట్టి మా మధ్యకు వచ్చింది.

"ఇద్దరూ ఆపండి. గురువారం పొద్దున నేను విసిరాను."

"నువ్వా?" అన్నాను.

"నేనే. పడింది. గుండ్రంగా అల కూడా లేచింది. సాయంత్రానికి బూడిద."

"నువ్వెందుకు విసిరావే?"

"మీ మీద కోపంతో."

"నా మీద కోపమా? పెళ్లైన కొత్త కదా అప్పుడు! ఏం చేశానని?"

"పన్నెండేళ్ల తర్వాత, ఊరందరి ముందు, ఇప్పుడు అడుగుతున్నారా?" అంది మర్దియా. దాంతో జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్యే హలీమా పిన్ని మెల్లిగా చెయ్యెత్తింది. భూకంపం వచ్చిన ఏడాది తనదట. వెనకాల పడవలవాళ్లలో ముగ్గురు నేల చూపులు చూస్తున్నారు. నిన్నటిదాకా ఈ ఊళ్లో ఒక్కడికే పాపం అంటిందని, అది నాకేనని అనుకున్నాను. తీరా చూస్తే మడుగు అడుగున మా ఊరి రాళ్లే ఒక గట్టు కట్టేంత ఉన్నాయి.

ఎన్దాంగ్ టీచరమ్మ రాయి పట్టుకున్న చేతిని మెల్లిగా దించింది. "అంటే, ఈ మడుగులో రాయి పడుతుందన్నమాట!"

"పడదు!" అన్నాం ఊరంతా ఒకే గొంతుతో.

"మరి ఇప్పుడు మీరందరూ చెప్పింది?"

"అవి పొరపాటున పడ్డవి" అన్నాడు తాహెర్ మామ.

అప్పుడు చూశాను మా అత్తయ్యను. ముక్కాలి పీట మీద కూలబడిపోయింది. నేను అనుకున్నట్టు అరవలేదు, తిట్టలేదు. ముసుగు చెంగుతో మొహం తుడుచుకుని, "నా బుట్టలో రాళ్లేనా?" అని అడిగింది.

హలీమా పిన్ని మండుతున్న పొయ్యినే మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.

"నా బుట్టలో రాళ్లు తీసుకుని, నా మడుగులో వేసి, నా కళ్ల ముందే పన్నెండేళ్లు తిరిగారు. అల్లుడూ, నువ్వు కూడా?"

నాకు నిజంగా సిగ్గేసింది. పొద్దున మంచి రాయి ఏరి ఎందుకు భయపడ్డానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మంచి రాయి ఎక్కడిదాకా వెళ్తుందో నాకు తెలుసు.

"మీ సంగతి వదిలెయ్యండి" అంది అత్తయ్య. "నాకు ఇప్పుడు మీ మామయ్య గురించి దిగులు పట్టుకుంది."

ఆవిడ చెప్పింది. పెళ్లైన నెలకే సలీం మామయ్య ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చాడు. "చూడు, నేను విసురుతా" అన్నాడు. కొత్త పెళ్లికూతురు, మొసలికి తగిలితే పైకొస్తుందేమోనని కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచాక "పడిందా?" అని అడిగితే, ఆయన ఆవిడ మొహంలోకి చూసి "పడలేదు రుగయా" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇద్దరూ కలిసి కొట్టు పెట్టారు. ముప్పై ఎనిమిదేళ్లుగా వచ్చిన ప్రతివాడికీ ఆవిడ ఆ మాటే చెబుతోంది. తను మాత్రం ఒక్క రాయి కూడా ఎప్పుడూ విసరలేదు.

"చేపలు అమ్మేటప్పుడు నిన్నటి చేపని నిన్నటిదని చెప్పి అమ్మిన మనిషి ఆయన" అంది అత్తయ్య. "ఊరంతా అబద్ధం చెప్పినా నాకు ఫర్లేదు. ఆయన చెప్పాడా లేదా? అది తెలియాలి నాకు."

లేచింది. టీచరమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వమ్మా రాయి."

"అక్కా, పందెం నాది కదా!"

"ఒట్టు నాది."

ఆవిడ అందరూ విసిరే చోటికి వెళ్లలేదు. జాజికాయ చెట్టు పక్కన గట్టు కాస్త ముందుకు పొడుచుకొచ్చిన చోటు ఒకటుంది. అక్కడ వెదురు దడి కట్టి ఉంటుంది. అటు వెళ్తే మొసలి చూపు తగులుతుందని మామయ్య బతికుండగా స్వయంగా కట్టాడు. ఏటేటా వెదురు మార్చి మరీ కట్టేవాడు. అత్తయ్య తిన్నగా వెళ్లి ఆ దడి తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

"అక్కడికెందుకమ్మా?" అంది మర్దియా కంగారుగా.

"ఆ రోజు మీ నాన్న నిలబడింది ఇక్కడేనే."

నేను తాహెర్ మామ వైపు చూశాను. ఆయన మర్దియా వైపు చూశాడు. మర్దియా నా వైపు చూసింది. ఆ చూపుల్లోనే తెలిసిపోయింది, ఎవరి కంటా పడకూడదని మేం ముగ్గురం ఆ దడి దూరి విసిరినవాళ్లమే. అక్కడి నుంచైతే ఎవరు విసిరినా పడుతుంది, అందరూ విసిరే చోటి నుంచి పడాలంటే టీచరమ్మ లాంటి భుజం కావాలి. ఆ సంగతి తెలిసిన మనిషే దడి కడతాడు. "వద్దత్తయ్యా" అందామనుకున్నాను. కానీ ఏమని చెప్పి ఆపను?

అత్తయ్య తల మీది పొడవాటి ముసుగు చెంగును నడుముకు చుట్టి దోపుకుంది. "బిస్మిల్లా" అంది. ఎన్నడూ రాయి విసరని చెయ్యి, కానీ ముప్పై ఎనిమిదేళ్లుగా విసిరేవాళ్లను చూసిన కళ్లు. ఒంగి, చెయ్యి వెనక్కి వంచి, లాగి వదిలింది.

గట్టు మీద ఉన్న ప్రతి ప్రాణీ కళ్లు మూసుకుంది. తాహెర్ మామ దుర్భిణి పెట్టుకుని మరీ మూసుకున్నాడు. మర్దియా నా భుజంలో మొహం దాచుకుంది. విసిరిన అత్తయ్య కూడా, ఆ రోజు పెళ్లికూతురిలాగే, కళ్లు గట్టిగా మూసుకుంది. పడితే చూసిన పాపం ఎవరికి కావాలి?

కళ్లు తెరిచి ఉన్నది టీచరమ్మ ఒక్కతే. ఆవిడ మా ఊరిది కాదు కదా.

"పడిందా?" అంది అత్తయ్య, కళ్లు తెరవకుండానే.

ఒక్కొక్కళ్లం కళ్లు తెరిచి చూస్తే, ఎన్దాంగ్ టీచరమ్మ ఇంకా మడుగు కేసే చూస్తోంది. ఈ మడుగు గుట్టు బయటపెడతానని ఓడెక్కి వచ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఊరంతా ఆవిడ నోటి మాట కోసం నిలబడి ఉంది. ఒక్క మాట అంటే చాలు, కొట్టు, ఒట్టు, మామయ్య, అన్నీ ఒకేసారి పోతాయి. ఆవిడ మెల్లిగా మడుగు వైపు నుంచి తల తిప్పింది. మా అత్తయ్య మొహంలోకి చూసింది.

"పడలేదక్కా" అంది.

అత్తయ్య కళ్ల వెంట నీళ్లు బొటబొటా కారాయి. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే టీచరమ్మను కావలించుకుంది. "చెప్పానా! చెప్పానా మీకు! ఆయన నాకు అబద్ధం చెప్పడు!" అని ఊరి మీద విరుచుకుపడింది. "మర్దియా, పళ్లెం ఇటు తేవే! ఈ అమ్మాయి తిననే లేదు!" మిరప పచ్చడి నిండా ముంచిన అరటిపండు ముక్కను తన చేత్తో ఆవిడ నోట్లో పెట్టింది. టీచరమ్మకు కారం అలవాటు లేదేమో, కళ్లనిండా నీళ్లతో నములుతోంది. పందేనికి ఇక తను విసరనని కూడా అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తాహెర్ మామ లేచి నిలబడ్డాడు. "రుగయా, నేను పెద్దరికంలో ఉండి పన్నెండేళ్లు దాచినవాణ్ణి. రేపు ముందు పడవలో నేను కూర్చోకూడదు. మనసులో మచ్చ లేనివాడు కూర్చోవాలి."

"మరి ఎవరు?"

"ఎవరూ అడక్కుండానే, ఊరి ముందు నిలబడి, 'ఆ పాపం నాది' అని అరిచినవాడు ఒకడున్నాడు."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక జాజికాయ చెట్టు తప్ప ఎవరూ లేరు.

"మా అల్లుడా!" అంది అత్తయ్య. పెళ్లైన పన్నెండేళ్లలో మొదటిసారి నన్ను తల నుంచి పాదం దాకా ప్రేమగా చూసింది. "నిజమే! మా ఇస్కందర్ మనసులో ఏదీ దాచుకోలేడు. రేపు ముందు పడవలో వాడే కూర్చుంటాడు. పక్కన ఈ టీచరమ్మ కూర్చుంటుంది, కళ్లారా చూసిన సాక్షి కదా! ఇద్దరూ కలిసి కొండకి నిజం చెబుతారు."

ప్రతి ప్రాణీ కళ్లు మూసుకుందని పైన రాశాను. అది పూర్తిగా నిజం కాదు. నేను మూసింది ఒక కన్నే. రెండో కంటికి మడుగు మధ్యలో, వేలి ఉంగరమంత, తెల్లటి చిన్న అల కనిపించింది. ఉంగరం గాజంతయింది, గాజు పళ్లెమంతయింది, తర్వాత చెదిరిపోయింది. టీచరమ్మ అరటిపండు నములుతూ నా వైపే చూస్తోంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నమలడం ఆపేసింది.

అప్పుడే మా తలల పైన ఎక్కడో కొండ గుర్రుమంది. కొట్టులో బుట్టలోని రాళ్లు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి. జనం బెదిరి చూస్తుంటే, మా అత్తయ్య మాత్రం నా వీపు మీద చెయ్యి వేసి, తల పైకెత్తి కొండతో సంతోషంగా గట్టిగా అంది:

"వినపడిందిలే! కాస్త ఓపిక పట్టు! రేపు పొద్దున్నే మా అల్లుణ్ణి పంపిస్తున్నాగా!"